కర్పూరం కదలిక నుంచి కణం దాకా

జీవం ఉన్న ప్రతిదీ కొన్ని పనులు చేస్తుంది. తనకూ బయటి ప్రపంచానికీ మధ్య ఒక పొర కట్టుకుంటుంది. బయటి నుంచి ఆహారమో వెలుతురో తీసుకుని దాంతో తనను తాను నిలబెట్టుకుంటుంది. పెరుగుతుంది, కదులుతుంది, తనలాంటిదాన్ని పుట్టిస్తుంది. పుట్టినదానిలో చిన్న చిన్న తేడాలు వస్తాయి, ఆ తేడాలు మళ్లీ దాని సంతానానికి అందుతాయి. బాక్టీరియా అయినా, మర్రిచెట్టు అయినా, మనిషి అయినా చేసేవి ఈ పనులే. వీటికి వాడే పదార్థాల్లో మాత్రం ప్రత్యేకమంటూ ఏమీ లేదు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, భాస్వరం, గంధకం అన్నీ రాళ్లలో, గాలిలో, నీటిలో దొరికేవే. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ ఏ జంతువు మూత్రపిండాలతోనూ పనిలేకుండా యూరియా తయారుచేసినప్పుడే, ప్రాణుల పదార్థానికి వేరే ప్రాణశక్తి ఏదో కావాలన్న నమ్మకం సడలడం మొదలైంది.

పదార్థం మామూలుదే అయినప్పుడు ఈ పనులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అసలు ప్రశ్న. ఇంతకాలం ప్రయోగాలు చేసి రసాయన శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, విడివిడిగా చూస్తే ఆ పనుల్లో చాలావాటిని ప్రాణం లేని రసాయనాలు కూడా చేస్తాయి. కొన్నిటిని అలవోకగా చేస్తాయి, కొన్నిటికి నానా తంటాలు పడాలి. ఏది తేలికో ఏది కష్టమో విడదీసి చూస్తే, జీవం పుట్టుకను గురించిన పరిశోధన ఇప్పుడు ఎక్కడ ఆగి ఉందో తెలుస్తుంది.

అన్నిటికన్నా తేలిక కదలిక. శుభ్రంగా కడిగిన పళ్లెంలో నీళ్లు పోసి, హారతి కర్పూరం బిళ్ల నుంచి చిన్న పలుకు గిల్లి నీటి మీద వేస్తే అది ఒకచోట నిలవదు. గిరగిరా తిరుగుతుంది, అంచు దాకా దూసుకుపోతుంది, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. రెండు పలుకులు వేస్తే ఒకదాన్నొకటి తప్పించుకు తిరుగుతున్నట్టుంటాయి. తెలియనివాళ్లు చూస్తే చెరువులో నీటి పురుగులు అనుకుంటారు. జరిగేది ఇది. నీటి ఉపరితలానికి ఒక బిగువు ఉంటుంది, దాన్నే పాఠ్యపుస్తకాలు తలతన్యత అంటాయి. కర్పూరం పలచగా పరుచుకున్న చోట ఆ బిగువు తగ్గుతుంది. పలుకు అన్ని వైపులా ఒకే తీరున కరగదు కాబట్టి బిగువు ఎక్కువగా ఉన్న వైపు దాన్ని లాగేస్తుంది. పరుచుకున్న కర్పూరం ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది కనుక ఆట సాగుతూనే ఉంటుంది. తలకు నూనె రాసుకున్న వేలు ఒక్కసారి ఆ నీటికి తగిలితే పలుకు టక్కున ఆగిపోతుంది. అలా ఆపడానికి ఎంత నూనె కావాలో 1890లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ కొలిచి చూశారు. నూనె పొర మందం సుమారు 1.6 నానోమీటర్లు ఉంటే చాలని తేలింది, అంటే దాదాపు ఒక్క అణువు మందం. కంటికి కనిపించని అణువు ఎంత ఉంటుందో అంచనా కట్టిన తొలి కొలతల్లో ఇదొకటి.

కర్పూరం కదలికలో ఒక లోటుంది. అది కరగడమే తప్ప లోపల రసాయన చర్య ఏదీ లేదు. 2007లో మార్టిన్ హాంజిక్ బృందం ఒక మెట్టు ఎక్కింది. వాళ్లు తయారుచేసిన నూనె బిందువు తనలో ఇంధనాన్ని దాచుకుంటుంది. చుట్టూ ఉన్న క్షార జలంతో కలిసి ఆ ఇంధనం విడిపోతూ ఉంటే, ఆ చర్య నుంచే బిందువుకు నడక వస్తుంది. ఇంధనం అయిపోతే ఆగిపోతుంది. తినడం, కదలడం ఒకదానితో ఒకటి ముడిపడిన బిందువు ఇది. అయినా దీన్ని ఎవరూ ప్రాణి అనరు.

పెరుగుదల సంగతీ ఇంతే. బోర్డో మిశ్రమం కోసం రైతులు కొనే మైలుతుత్తం, పైరుకు ఇనుము లోపిస్తే పిచికారీ చేసే అన్నభేది ఇక్కడ పనికొస్తాయి. గాజు పాత్రలో సోడియం సిలికేట్ ద్రావణం పోసి ఆ పలుకులు జారవిడిస్తే, కొద్ది నిమిషాల్లో అడుగు నుంచి కాడల్లాంటి గొట్టాలు పైకి లేస్తాయి. మైలుతుత్తం నుంచి నీలివి, అన్నభేది నుంచి పచ్చటివి. పలుకు కరగగానే దాని చుట్టూ లోహ సిలికేట్ పొర ఏర్పడుతుంది. బయటి నీరు ఆ పొర గుండా లోపలికి చొరబడి ఒత్తిడి పెంచుతుంది. పొర ఎక్కడో చిట్లుతుంది. లోపలి ద్రవం బయటికి చిమ్మి, సిలికేట్‌ను తాకినచోట మళ్లీ పొర కట్టుకుంటుంది. బయటి ద్రావణం కన్నా అది తేలిక కాబట్టి పైపైకే పోతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచి వైద్యుడు స్టెఫాన్ లెడ్యూక్ ఇలాంటి రసాయన తోటలను ఎన్నో పెంచారు. వాటిలో పుట్టగొడుగులు, ఆకులు, శంఖాల్లాంటి ఆకారాలు చూసి, ప్రాణుల ఎదుగుదల రహస్యం ఇక్కడే ఉందని నమ్మి పుస్తకాలు రాశారు.

ఆ నమ్మకం నిలవలేదు. రసాయన తోటలో ఒక కాడ వంకరగా పెరిగితే, ఆ వంకర తర్వాతి కాడకు అందదు. పోలిక ఉంది, వారసత్వం లేదు. మన దేశంలోనూ ఇలాంటి కథ ఒకటి నడిచింది. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కృష్ణ బహదూర్ 1960లలో సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన రసాయన మిశ్రమాలను ఎండలో ఉంచి, వాటిలో ఏర్పడిన సూక్ష్మ గోళాలకు జీవాణు అని పేరు పెట్టారు. అవి పెరుగుతున్నాయని, మొగ్గలు తొడిగి విడిపోతున్నాయని ప్రకటించారు. వాటిని ప్రాణులుగా శాస్త్రలోకం ఒప్పుకోలేదు గానీ, ఎండను శక్తిగా వాడుకోవడం, అన్నీ ఒకే పాత్రలో కలిపి చూడడం అన్న ఆయన ఆలోచన మాత్రం కాలానికి ముందున్నదే. ఆకారం చూసి ప్రాణం ఉందనుకోకూడదన్న జాగ్రత్త ఈ రంగానికి ఇటువంటి అనుభవాల నుంచే వచ్చింది.

గుండె కొట్టుకోవడం, నిద్రా మెలకువలు వంటి లయలు కూడా జీవానికి గుర్తులే. మామూలు రసాయన చర్య ఒకే దిశలో సాగి ఆగిపోతుంది. అటూ ఇటూ ఊగిసలాడదు. అందుకే సోవియట్ రసాయన శాస్త్రవేత్త బోరిస్ బెలూసోవ్ 1951లో పంపిన వ్యాసాన్ని పత్రికా సంపాదకులు తిప్పికొట్టారు. కణాల్లో ఆహారం శక్తిగా మారే చక్రానికి ఒక నమూనా కోసం ఆయన సిట్రిక్ ఆమ్లం, బ్రోమేట్, సీరియం లవణాలను గంధకామ్లంలో కలిపారు. ద్రావణం పసుపు రంగుకు తిరిగింది, తర్వాత రంగు పోయింది, మళ్లీ పసుపైంది. అలా మారుతూనే ఉంది. ఇది అసాధ్యమన్నది సంపాదకుల తీర్పు. చివరికి 1959లో వికిరణ వైద్యానికి సంబంధించిన ఒక సంకలనంలో, ఎవరూ చదవని మూలలో, అది చిన్న వ్యాసంగా అచ్చయింది. బెలూసోవ్ విసిగిపోయి ఆ పని వదిలేశారు. 1961లో మాస్కోలో అనతోలీ జబొటిన్‌స్కీ అనే యువ పరిశోధకుడు దాన్ని అందుకుని, సిట్రిక్ ఆమ్లం బదులు మాలోనిక్ ఆమ్లం వాడి మెరుగుపరిచారు. తర్వాత రంగు సూచికను మార్చడంతో ద్రావణం ఎరుపు, నీలం రంగుల మధ్య ఊగడం స్పష్టంగా కనిపించింది. అదే ద్రావణాన్ని పలచగా పోస్తే నీలి వలయాలు, సుడులు పుట్టి విస్తరిస్తాయి. సోవియట్ ప్రభుత్వం 1980లో ఈ పనికి లెనిన్ బహుమతి ఇచ్చింది. బెలూసోవ్ అప్పటికి పదేళ్ల కిందటే కన్నుమూశారు.

సంపాదకుల తప్పు ఎక్కడంటే, సమతాస్థితికి చేరిన చర్యకు వర్తించే నియమాన్ని ఇంకా అక్కడికి చేరని చర్యకు అంటగట్టడంలో ఉంది. పదార్థం, శక్తి ఒకవైపు నుంచి వస్తూ మరోవైపు నుంచి పోతూ ఉన్నంతకాలం, మధ్యలో ఒక క్రమం ఏర్పడి నిలవగలదు. ప్రవాహం ఆగితే క్రమమూ పోతుంది. ఈ సంగతిని గణితంతో నిలబెట్టినందుకే ఇల్యా ప్రిగోజిన్‌కు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. తిండి మానేస్తే శరీరం ఎందుకు నిలవదో, మూతపెట్టిన సీసాలో బెలూసోవ్ ద్రావణం రంగులు మార్చడం కొంతసేపటికి ఎందుకు మానేస్తుందో రెండింటికీ జవాబు ఒకటే.

ఇక పదార్థాల విషయం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఈ చిక్కు చాలామటుకు విడిపోయింది. 1924లో రష్యాలో అలెగ్జాండర్ ఒపారిన్, 1929లో ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, తొలినాటి సముద్రాల్లో సేంద్రియ అణువులు పోగుపడి జీవానికి దారితీశాయని ప్రతిపాదించారు. ఈ హాల్డేన్‌కు తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడైన ఆయన 1964లో భువనేశ్వర్‌లో మరణించినప్పుడు, ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

వారి ఊహను తొలిసారి పరీక్షకు పెట్టినవాడు షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి స్టాన్లీ మిల్లర్. 1952లో తన గురువు హెరాల్డ్ యూరీ పర్యవేక్షణలో మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిని గాజు పరికరంలో బంధించి వారం రోజులు విద్యుత్ మెరుపులు కొట్టించారు. గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. తొలినాటి గాలిలో ఎక్కువగా ఉన్నవి కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ అని తర్వాత తేలడంతో ఆ ప్రయోగం విలువ కొంత తగ్గింది. ఆ లోటును ఆకాశం పూడ్చింది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. 2023లో నాసా నౌక బెన్ను అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల మట్టి తెచ్చింది. మన ప్రోటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14, జన్యు పదార్థంలోని ఐదు క్షారాలూ అందులో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఇటుకలకు కొరత లేదు. ఇల్లు ఎలా లేచిందన్నదే తేలాలి.

ఇంటి గోడ, అంటే కణానికి పొర, అనుకున్నంత కష్టం కాదు. సబ్బులో ఉండే కొవ్వు ఆమ్లాల అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నీటికి దూరంగా జరుగుతుంది. తగిన క్షారత ఉన్న నీటిలో ఇవి వాటంతటవే రెండు వరుసల పొరగా చేరి, గుండ్రంగా మూసుకుని, లోపల కాస్త నీటిని పట్టి ఉంచుతాయి. మర్చిసన్ ఉల్క నుంచి తీసిన పదార్థం కూడా ఇలాంటి బుడగలు కట్టగలదని 1985లో డేవిడ్ డీమర్ చూపించారు. 2003లో హార్వర్డ్‌లో జాక్ షోస్టాక్ బృందం నీటిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి కలిపితే బుడగలు ఎన్నో రెట్లు వేగంగా ఏర్పడతాయని కనిపెట్టింది. మన నల్లరేగడి వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలు విచ్చడానికి కారణం ఈ జాతి బంకమట్టే. జన్యు పదార్థపు ముక్కలను గొలుసుగా కూర్చగల గుణం కూడా దీనికి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్ ఫెరిస్ 1990లలో ఈ మట్టి మీద యాభై దాకా ముక్కలున్న ఆర్‌ఎన్‌ఏ గొలుసులు పెంచారు.

బుడగల్లో పోటీ కూడా పుడుతుంది. షోస్టాక్ బృందమే 2004లో చేసిన ప్రయోగంలో కొన్ని బుడగల లోపల ఆర్‌ఎన్‌ఏ నింపింది, కొన్నిటిని ఖాళీగా ఉంచింది. ఆర్‌ఎన్‌ఏ ఉన్న బుడగలోకి నీరు చొరబడి పొరను సాగదీస్తుంది. సాగిన పొర పక్కనున్న ఖాళీ బుడగల నుంచి కొవ్వు ఆమ్లాలను లాక్కుని పెరుగుతుంది, ఖాళీవి కుంచించుకుపోతాయి. ఇందులో జన్యువు పనేమీ లేదు, అంతా భౌతిక శాస్త్రమే. అయినా లోపల సరుకు ఉన్నది లేనిదాన్ని తినేస్తోంది. 2009లో మరో సంగతి బయటపడింది. మేత వేసిన బుడగలు సన్నని దారాల్లా సాగుతాయి. పాత్రను మెల్లగా కదిపితే ఆ దారాలు తెగి, లోపలిది పెద్దగా ఒలికిపోకుండానే, చిన్న చిన్న బుడగలవుతాయి. పెరిగి విడిపోవడానికి అలల తాకిడి చాలునన్నమాట.

తనను తాను పెంచుకునే రసాయన చర్య మరీ పాతది. 1861లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బట్లెరోవ్ ఫార్మాల్డిహైడ్‌లో సున్నం కలిపి వేడిచేస్తే చక్కెరలు వచ్చాయి. మొదట కొంతసేపు ఏమీ జరిగినట్టుండదు. తర్వాత ఒక్కసారిగా ఊపందుకుని ద్రావణం పసుపు, గోధుమ రంగుల్లోకి మారిపోతుంది. రెండు కార్బన్ల అణువు ఒకటి ఫార్మాల్డిహైడ్‌ను ఒక్కొక్కటిగా చేర్చుకుని నాలుగు కార్బన్లకు ఎదిగి, రెండుగా చీలుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగవుతాయి. సంతానం అనదగ్గదే. చిక్కల్లా ఏమిటంటే ఈ చర్యకు హద్దు లేదు. కావలసిన చక్కెరతో పాటు పదుల కొద్దీ అక్కర్లేనివీ తయారై, చివరికి పాత్రలో జిగురు మడ్డి మిగులుతుంది. జీవం పుట్టుక పరిశోధనలో పెద్ద అడ్డంకి ఈ మడ్డే. చర్య జరిపించడం కన్నా, పక్కదారులు పట్టకుండా ఆపడం కష్టం.

పక్కదారులు ఆపాలంటే ఏది పనికొచ్చిందో గుర్తుపెట్టుకునే అణువు కావాలి. నేటి జీవుల్లో ఆ జ్ఞాపకం డీఎన్‌ఏది, పని చేసేది ప్రోటీన్. డీఎన్‌ఏ నకలుకు ప్రోటీన్ కావాలి, ప్రోటీన్ తయారీకి డీఎన్‌ఏ కావాలి. ముందు ఏది వచ్చిందన్న ముడి 1982లో సడలింది. థామస్ చెక్, ఆ వెంటనే సిడ్నీ ఆల్ట్‌మన్, ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైములా పనిచేయగలదని కనుగొన్నారు. ఇద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. జ్ఞాపకం, పని రెండూ ఒకే అణువులో! ప్రతి కణంలో ప్రోటీన్లు కూర్చే రైబోజోమ్ నడిబొడ్డున ఆ కూర్పు పని చేసేది ఆర్‌ఎన్‌ఏయేనని 2000లో దాని నిర్మాణం బయటపడినప్పుడు రుజువైంది. ఆ పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ ఒకరు.

నకళ్లు మొదలైతే ఏం జరుగుతుందో 1967లో సోల్ స్పీగెల్‌మన్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం చెబుతుంది. ఒక వైరస్ ఆర్‌ఎన్‌ఏను, దాన్ని నకలు తీసే ఎంజైమును, కావలసిన ముడిసరుకును ఒక గొట్టంలో వేశారు. కాసేపటికి అందులోంచి ఒక చుక్క తీసి, తాజా సరుకున్న రెండో గొట్టంలో కలిపారు. అందులోంచి మూడోదానికి, అలా 74 సార్లు. మధ్యమధ్యలో గడువు తగ్గిస్తూ పోయారు కాబట్టి, త్వరగా నకలయ్యేవాటికే తర్వాతి గొట్టంలో చోటు దక్కింది. చివరికి మిగిలిన ఆర్‌ఎన్‌ఏ తన నిడివిలో 83 శాతం పోగొట్టుకుంది. వైరస్‌గా బతకడానికి అవసరమైన జన్యువులన్నీ వదిలేసుకుని, నకలు కావడం అనే ఒక్క పనిలో ఆరితేరింది. కణం లేదు, ప్రాణం లేదు, డార్విన్ చెప్పిన ఎంపిక మాత్రం గాజు గొట్టంలో కళ్లముందు జరిగిపోయింది.

ఇందులో ఒక హెచ్చరికా ఉంది. వదిలేస్తే పరిణామం సంక్లిష్టత వైపే పోతుందని ఏమీ లేదు, సోమరితనం వైపూ పోతుంది. దీనికి విరుగుడు బిందువులుగా విడదీయడంలో ఉందని జపాన్‌లో నోరికాజు ఇచిహాషి, ర్యో మిజూచి బృందం చూపించింది. నూనెలో తేలే నీటి బిందువుల్లో ఆర్‌ఎన్‌ఏను ఉంచి, మేత వేస్తూ, కలిపి విడదీస్తూ వందల విడతలు నడిపారు. ఒకే రకంతో మొదలైన ఆర్‌ఎన్‌ఏ, 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అయిదు రకాలుగా చీలింది. మూడు రకాలు తిండి పెట్టేవి, రెండు పరాన్నజీవుల్లాంటివి. పరాన్నజీవులు మితిమీరిన బిందువు నశిస్తుంది కాబట్టి అయిదూ ఒకదానిమీద ఒకటి ఆధారపడి నిలిచాయి. గోడకు ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. అది సరుకును దాచడమే కాదు, మోసగాళ్లను విడిగా కూడా ఉంచుతుంది. అయితే స్పీగెల్‌మన్ గొట్టంలోనూ జపాన్ బిందువుల్లోనూ నకలు తీసే యంత్రాంగం నేటి జీవుల నుంచి అరువు తెచ్చిందే. దాన్ని మరచి ఈ ఫలితాలను గొప్ప చేయకూడదు.

ఇవన్నీ ఏ చోట కలిసి ఉంటాయన్నదానిపై రెండు వర్గాలున్నాయి. అగ్నిపర్వతాల దగ్గరి వేడినీటి గుంటల్లో అంటుంది ఒక వర్గం. అవి ఎండినప్పుడు అణువులు దగ్గరై గొలుసులు కడతాయి, తడిసినప్పుడు బుడగల్లో చేరతాయి. పుణేలోని ఐసర్ విద్యాసంస్థలో సుధా రాజమణి బృందం ఈ తడి పొడి చక్రాల మీదే పనిచేస్తోంది. రెండో వర్గం సముద్రగర్భంలోని ఊటలను చూపిస్తుంది. 2000లో అట్లాంటిక్ నడుమ కనిపించిన లాస్ట్ సిటీ అనే ఊటల ప్రాంతంలో 60 మీటర్ల దాకా ఎత్తున్న సున్నపు గోపురాల నుంచి వెచ్చని క్షార జలం ఊరుతుంది. లెడ్యూక్ తోటల్లో కాడలు లేచిన పద్ధతే అక్కడా నడుస్తోంది. గోడకు అటూ ఇటూ ఆమ్ల క్షార తేడా ఉండడం వల్ల శక్తి ఉచితంగా దొరుకుతుందని మైకేల్ రసెల్, నిక్ లేన్ వాదించారు. శక్తి విషయంలో ఊటలది పైచేయి, గొలుసులు కట్టే విషయంలో గుంటలది.

విడివిడిగా సాధ్యమైనవి కలిపితే ఎందుకు బెడిసికొడతాయో చెప్పడానికి మెగ్నీషియం ఒక్కటి చాలు. ఎంజైము సాయం లేకుండా ఆర్‌ఎన్‌ఏ నకలు కావాలంటే నీటిలో మెగ్నీషియం దండిగా ఉండాలి. అదే మెగ్నీషియం కొవ్వు ఆమ్లాలతో కలిస్తే, ఉప్పునీటి బోరు దగ్గర బట్టల సబ్బు విరిగినట్టే, బుడగ విరిగిపోతుంది. లోపల నకలు నడిస్తే గోడ కూలుతుంది, గోడ నిలిస్తే నకలు ఆగుతుంది. 2013లో కటార్జినా అడమాలా, షోస్టాక్ ఆ నీటిలో సిట్రేట్ కలిపి చూశారు. సిట్రేట్ మెగ్నీషియాన్ని పట్టుకుని పొరకు హాని జరగకుండా ఆపింది, నకలు పనికి మాత్రం అడ్డు రాలేదు. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క బుడగ లోపలే నకలైంది. తొలినాటి భూమి మీద అంత సిట్రేట్ ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు.

అవతలి గట్టు, అంటే బతికున్న కణం, ఎంత దూరంలో ఉందో కూడా ఒక లెక్క ఉంది. ఉన్న బాక్టీరియా నుంచి అనవసరమైన జన్యువులు తీసేస్తూ 2016లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం తయారుచేసిన కనీస కణానికి 473 జన్యువులు కావలసి వచ్చాయి. వాటిలో 149 ఏం చేస్తాయో అప్పటికి తెలియదు. ఇవతలి గట్టున పొర ఉంది, మేత ఉంది, పోటీ ఉంది, కొద్దిపాటి నకలు ఉంది. తనలోని ఆర్‌ఎన్‌ఏను తానే నకలు తీసుకుంటూ, తన పొరను తానే పెంచుకుంటూ, విడిపోయి తరతరానికీ మారుతూ పోయే బుడగ మాత్రం ఇంతవరకు ఏ ప్రయోగశాలలోనూ తయారు కాలేదు.